అసలు కారు ఏది?

ఒక రథానికి చక్రం అరిగిపోయినది. యజమాని కొత్త చక్రం వేయించాడు. మరుసటి ఏడు ఇరుసు విరిగినది; దానినీ మార్పించాడు. ఆ తరువాత కాడి, నొగలు, పైకప్పు ఒక్కొక్కటిగా మారినవి. ఇరవై ఏళ్లు గడిచేసరికి మొదటి కర్రముక్క ఒక్కటి కూడా మిగలలేదు. అయినా యజమాని దానిని చూపి, "ఇది మా తాతగారి రథం" అనే చెబుతున్నాడు. ఆ మాట నిజమా, అబద్ధమా?

ఈ ప్రశ్న చాలా పాతది. 'మిలిందపన్హ' అనే పాలీ గ్రంథంలో నాగసేనుడనే బౌద్ధభిక్షువు యవనరాజైన మిలిందుని దాదాపు ఇట్లాగే నిలదీస్తాడు. రాజు రథమెక్కి వచ్చానన్నాడు. అయితే ఇరుసు రథమా? చక్రాలు రథమా? కాడి రథమా? వీనిలో ఏదీ కాదని రాజు ఒప్పుకొంటాడు. ఈ భాగాలన్నీ కూడి ఉన్నప్పుడు వాడుకలో ఏర్పడిన పేరే రథమని చివరకు తేలుతుంది. గ్రీకు దేశంలో థీసియస్ అనే వీరుని ఓడను గూర్చి ఇటువంటి చర్చయే జరిగినట్లు ప్లూటార్కు వ్రాశాడు. ఏథెన్సు వారు ఆ ఓడలో పుచ్చిపోయిన పలకలను తీసి, గట్టి పలకలు వేస్తూ దానిని కాపాడుతూ వచ్చారట. అది ఆ పాత ఓడయేనని కొందరు, కాదని కొందరు వాదించేవారట.

తత్త్వవేత్తల మధ్య నలిగిన ఈ ప్రశ్న 1990లో లండన్ నగరంలో న్యాయస్థానం మెట్లెక్కినది. ఈసారి వివాదం రథాన్ని గూర్చి కాదు, ఒక మోటారు కారును గూర్చి. దాని వెల కోటి పౌన్లు. దాని పేరు 'ఓల్డ్ నంబర్ వన్'. అది బెంట్లీ కంపెనీవారి పందెపు కారు. పాత పందెపు కార్లను ఉన్నవి ఉన్నట్లుగా ఉంచవలెనా, కాలానుగుణంగా మార్చుకొనవచ్చునా అనే వాదానికి ఆ కారు జీవితచరిత్ర కంటె మంచి ఉదాహరణ దొరకదు.

బెంట్లీ కారు పుట్టుక

వాల్టర్ ఓవెన్ బెంట్లీ (1888-1971) చిన్నతనంలో రైలు ఇంజన్లపై మక్కువ గల ఇంగ్లీషువాడు. డాన్‌కాస్టర్‌లోని రైల్వే కర్మాగారంలో పని నేర్చుకొన్నాడు. తరువాత మోటారు కార్ల వ్యాపారంలో దిగి, ఇంజన్లలో ఇనుప పిస్టన్లకు బదులు అల్యూమినియం మిశ్రలోహపు పిస్టన్లను వాడి చూశాడు. పిస్టను తేలికయైనకొద్దీ అది వేగంగా కదలగలదు. అల్యూమినియం ఉష్ణాన్ని త్వరగా ప్రసరింపజేస్తుంది గనుక పిస్టను తల అతిగా వేడెక్కదు. మొదటి ప్రపంచయుద్ధంలో అతడు రూపొందించిన విమానపు ఇంజన్లకు ఈ అనుభవమే పునాది అయినది.

యుద్ధానంతరం, 1919లో, అతడు తన పేరుతో కంపెనీ స్థాపించాడు. లండన్‌లోని క్రికిల్‌వుడ్‌లో తయారైన మొదటి 3 లీటర్ల కారు 1921లో కొనుగోలుదారు చేతికి అందినది. ఒక్కొక్క సిలిండరుకు నాలుగు వాల్వులు, రెండు స్పార్కు ప్లగ్గులు, తలపై తిరిగే క్యాం షాఫ్టు, ఇవన్నీ ఆనాటికి సామాన్యపు రోడ్డు కారులో అరుదైన విషయాలు. ఆ కార్లు బరువైనవి, దిట్టమైనవి. కార్ల శిల్పి బుగాటీ వానిని లోకంలోకెల్ల వేగం గల లారీలని హాస్యమాడినట్లు ప్రతీతి.

ఫ్రాన్సులోని లె మాన్ పట్టణం దగ్గర 1923లో 24 గంటల పందెం ప్రారంభమైనది. రాత్రి, పగలు, ఎండ, వాన అనక కారు ఇరవైనాలుగు గంటలు పరుగెత్తవలెను. వేగంతో పాటు మన్నికకు కూడా అది పరీక్ష. ఈ పందెాన్ని బెంట్లీ కార్లు 1924లో ఒకసారి, ఆపై 1927 నుండి 1930 వరకు వరుసగా నాలుగుసార్లు గెలిచినవి.

పరిమాణమా, పీడనమా?

ఈ విజయాల మధ్యనే కారును మార్చడం గూర్చి మొదటి తగవు పుట్టినది. ఆ తగవు కారు ముసలిదైన తరువాత వచ్చినది కాదు. అది ఇంకా కర్మాగారంలో ఉండగానే, దానిని సృష్టించినవానికీ నడిపినవానికీ మధ్య వచ్చినది.

ఇంజనుకు ఎక్కువ శక్తి కావలెనంటే ప్రతి ఆవృత్తంలోను ఎక్కువ ఇంధనం మండవలెను. అంత ఇంధనం మండటానికి అంత గాలి కావలెను. గాలిని ఎక్కువగా లోనికి తెచ్చుటకు రెండు మార్గాలు ఉన్నవి. సిలిండరు పరిమాణం పెంచడం మొదటిది. గాలిని ఒత్తిపెట్టి అదే సిలిండరులోనికి నెట్టడం రెండవది. బెంట్లీ మొదటి మార్గాన్ని నమ్మినవాడు. అందుచేతనే అతని ఇంజన్లు 3 లీటర్ల నుండి 4½కు, 6½కు, చివరకు 8 లీటర్లకు పెరిగినవి. పెద్ద ఇంజను తాపీగా పనిచేస్తూనే కావలసిన శక్తి నిస్తుందనీ, దాని భాగాలపై ఒత్తిడి తక్కువగా ఉంటుందనీ అతని అభిప్రాయం.

సర్ హెన్రీ బిర్కిన్ అనే పందెగాడు రెండవ మార్గాన్ని ఎన్నుకొన్నాడు. ఆమ్హర్స్ట్ విలియర్స్ అనే ఇంజనీరు చేత 4½ లీటర్ల ఇంజనుకు సూపర్‌ఛార్జరు అమర్పించాడు. డొరతీ పాజెట్ అనే ధనికురాలు అందుకు డబ్బు సమకూర్చినది. సూపర్‌ఛార్జరు అనగా ఒక పెట్టెలో ఎదురెదురుగా తిరిగే రెండు చక్రభాగాలు గాలిని పట్టి ముందుకు నెట్టే యంత్రం. ఇంజను ముందు కొసన, రేడియేటరుకు ముందుగా దానిని బిగించారు. ఈ ఏర్పాటుతో పందెానికి సిద్ధం చేసిన ఇంజను సుమారు 130 అశ్వశక్తి నుండి 240 అశ్వశక్తికి ఎగబ్రాకినది.

శక్తి రెట్టింపు కావచ్చినది. దానితో పాటు చిక్కులూ పెరిగినవి. ఒత్తిన గాలి వేడెక్కుతుంది. వేడి పెరిగితే వాల్వులు, పిస్టన్లు, స్పార్కు ప్లగ్గులు త్వరగా దెబ్బతింటవి. ఇంధనం విపరీతంగా ఖర్చవుతుంది. ముందు భాగాన బరువు పెరిగి మలుపులలో కారు తిరిగే తీరు మారుతుంది. సూపర్‌ఛార్జరు తగిలించడం తన ఇంజనును చెరపడమేనని బెంట్లీ గట్టిగా చెప్పాడు. కాని కంపెనీకి పెట్టుబడి పెట్టి అధ్యక్షుడైన వూల్ఫ్ బార్నాటో బిర్కిన్ పక్షం వహించాడు. లె మాన్ పందెంలో ప్రవేశానికి 50 రోడ్డు కార్లు తయారుచేయవలసి ఉన్నందున వానిని నిర్మించారు. పందెపు కార్లు అయిదు కలుపుకొని ఇటువంటివి మొత్తం 55 తయారైనవి.

1930 లె మాన్ పందెంలో బిర్కిన్ తన 'బ్లోయర్' కారుతో జర్మను మెర్సిడెస్‌ను వెన్నాడి, టైరు పొర ఊడిపోతున్నా దానిని దాటివేశాడు. రాత్రి గడవకముందే మెర్సిడెస్ ఆగిపోయినది. కాని బ్లోయర్ కార్లు రెండూ కూడ పందెం పూర్తిచేయలేదు. గెలిచినది సూపర్‌ఛార్జరు లేని 6½ లీటర్ల 'స్పీడ్ సిక్స్' కారు. రెండవ స్థానం కూడ మరొక స్పీడ్ సిక్స్‌కే దక్కినది. అయితే అదే సంవత్సరం ఫ్రెంచి గ్రాండ్ ప్రీ పందెంలో బిర్కిన్ బ్లోయర్ కారుతో రెండవవాడుగా వచ్చాడు. 1932లో బ్రూక్‌లాండ్స్ పరుగుబాటపై ఒంటిసీటు బ్లోయర్‌తో గంటకు 137.96 మైళ్ల వేగం సాధించి రికార్డు నెలకొల్పాడు. క్షణకాలపు వేగంలో బిర్కిన్, ఇరవైనాలుగు గంటల మన్నికలో బెంట్లీ నెగ్గినారని చెప్పవచ్చును.

ఇందులోని విచిత్రం తరువాతి కాలంలో బయటపడినది. సృష్టికర్త చెడగొట్టినారని బాధపడిన ఆ బ్లోయర్ కార్లే నేడు బెంట్లీలన్నిటిలోను మిక్కిలి విలువైనవాటిలో ఉన్నవి. ఎవరైనా వాని సూపర్‌ఛార్జరు తీసివేసి బెంట్లీ కోరిన స్థితికి తెస్తామంటే దానిని అపచారంగా భావిస్తారు. ఒకనాటి మార్పు మరొకనాటికి మూలరూపమైనది.

ఓల్డ్ నంబర్ వన్ జీవితం

1930లో లె మాన్ గెలిచిన ఆ స్పీడ్ సిక్స్ కారే ఓల్డ్ నంబర్ వన్. 1929లో కూడ బార్నాటో, బిర్కిన్‌లు ఆ కారుతోనే గెలిచారు. 1930లో బార్నాటోకు తోడుగా గ్లెన్ కిడ్‌స్టన్ నడిపాడు. ఆ ఏడు కారు 24 గంటలలో 2,930 కిలోమీటర్లు పరుగెత్తినది. అనగా ఆగిన సమయాలతో సహా గంటకు సగటున 122 కిలోమీటర్లు. మట్టి, కంకర రోడ్ల కాలంలో, రెండు టన్నులకు దగ్గరగా తూగే కారు ఈ పని చేసినది.

పందెపు కారును పందెం తరువాత అట్లాగే వదిలివేయరు. లోహానికి అలసట అనే గుణం ఉన్నది. ఒకేసారి వేసిన పెద్ద బరువును ఓర్చుకొన్న ఇరుసు, అంతకంటె చాల తక్కువ బరువును లక్షలసార్లు మార్చి మార్చి వేస్తే విరిగిపోవచ్చును. జర్మనీలో వోలర్ అనే ఇంజనీరు రైలు ఇరుసులపై చేసిన ప్రయోగాలతో 19వ శతాబ్దంలోనే ఈ విషయం రుజువైనది. కంటికి కనపడని చీలిక ఒకటి మొదలై, ప్రతి అదురుకూ కొంచెం పెరిగి, ఒకనాడు హఠాత్తుగా లోహాన్ని తెంపుతుంది. అందుచేత కర్మాగారంవారు పందెానికీ పందెానికీ మధ్య కారును విప్పి, అనుమానమున్న భాగాలను మార్చివేసేవారు. అది యంత్రాన్ని నడిపేవాని ప్రాణానికి సంబంధించిన విషయం గాని, చరిత్రకు సంబంధించినదని ఆనాడెవరూ అనుకోలేదు.

1931లో ఆర్థికమాంద్యం దెబ్బకు బెంట్లీ కంపెనీ దివాలా తీసినది; రోల్స్ రాయిస్ సంస్థ దానిని కొనివేసినది. ఓల్డ్ నంబర్ వన్ మాత్రం బార్నాటో ప్రోద్బలంతో పందెాలలోనే కొనసాగినది. ఆ ఏడు బ్రూక్‌లాండ్స్‌లో జరిగిన 500 మైళ్ల పందెాన్ని జాక్ డన్‌ఫీ, సిరిల్ పాల్ కలిసి ఆ కారుతో గెలిచారు. 1932లో దానికి 8 లీటర్ల ఇంజను అమర్చి అదే పందెానికి తెచ్చారు. ఈసారి జాక్ తమ్ముడు క్లైవ్ డన్‌ఫీ కూడ నడిపాడు. బ్రూక్‌లాండ్స్ బాట కాంక్రీటుతో కట్టినది. మలుపులలో గోడవలె ఏటవాలుగా లేస్తుంది. క్లైవ్ నడుపుతుండగా కారు ఆ గట్టు పైఅంచు దాటి అవతల పడిపోయినది. అతడు మరణించాడు.

దెబ్బతిన్న కారును పారవేయలేదు. బాగుచేసి, పైకప్పు గల కూపే తొడుగు వేసి రోడ్డు కారుగా మార్చారు. తరువాత యజమానులు మారారు. చివరకు దానికి మరల లె మాన్ నాటి తెరచిన ఆకారం వచ్చినది. ఇట్లు అరవై ఏళ్లలో ఆ కారు ఎన్నో వేషాలు మార్చినది.

న్యాయస్థానంలో కారు

1990లో ఆనాటి యజమాని ఈ కారును ఒక సంస్థకు కోటి పౌన్లకు అమ్మ నిశ్చయించాడు. ఒప్పందమైన తరువాత కొనే సంస్థ వెనుకకు తగ్గినది. తమకు చెప్పినది లె మాన్ గెలిచిన ఓల్డ్ నంబర్ వన్ అని, ఎదుట ఉన్నది ఆ కారు కాదని వారి వాదం. వ్యవహారం హైకోర్టుకు వెళ్లినది. న్యాయమూర్తి ఆటన్ విచారణ జరిపారు.

నిపుణులు కారును భాగభాగాలుగా పరీక్షించి సాక్ష్యం చెప్పారు. 1929లో పందెం గెలిచిన కారు భాగాలలో, కాలం నిర్ణయించడానికి వీలులేని కొన్ని చిన్న సామాన్లు తప్ప మిగిలినది దాదాపు ఏమీ లేదు. 1930 కారు నుండి గేరుపెట్టె గుల్ల, స్టీరింగు కాడ వంటి కొద్ది భాగాలు మాత్రమే మిగిలినవి. చాసిస్, ముందు ఇరుసు, 8 లీటర్ల ఇంజను మొదలైన ముఖ్యభాగాలు 1932 ప్రమాదం నాటి కారువి. పైతొడుగు ఇటీవలిది. పాత రథంలో మొదటి కర్రముక్క మిగలలేదన్నట్లే ఇక్కడి పరిస్థితి కూడ.

న్యాయమూర్తి తీర్పు శ్రద్ధగా చదువదగినది. మొదటినాటి భాగాలన్నీ ఉన్నదనే అర్థంలో ఈ కారు మూలరూపం కాదని ఆయన ఒప్పుకొన్నారు. కాని అది ప్రామాణికమైన ఓల్డ్ నంబర్ వన్ అని నిర్ణయించారు. కారణమేమనగా, ఏనాడూ ఆ కారు కారుగా ఉండడం మానలేదు. ఒక్కొక్క మార్పు జరిగినప్పుడు కొత్త భాగం అప్పటికే ఉన్న మొత్తంలో కలిసిపోయినది. మరునాటి కారు నిన్నటి కారుకు వారసురాలైనది. ఈ గొలుసులో ఎక్కడా తెగిన లంకె లేదు. ఇక ఆ పేరుకు హక్కు చెప్పుకొనగల మరొక కారు, ఉన్నవాటిలో గాని పోయినవాటిలో గాని, లేదు. తీర్పు అమ్మినవానికి అనుకూలమైనది.

నాగసేనుని మాట ఇక్కడ జ్ఞాపకం రాక మానదు. పేరు ఏ ఒక్క భాగంలోను లేదు. భాగాల కూర్పును అంటిపెట్టుకొని ఉన్నది. న్యాయమూర్తి దానికి ఒక మెట్టు చేర్చారు. ఆ కూర్పు ఎడతెగకుండా సాగివచ్చినప్పుడే పేరు నిలుస్తుంది.

మూడు విషయాలు

దీనిని బట్టి అసలుదనం అనే మాటలో మూడు వేరు వేరు విషయాలు ఇమిడి ఉన్నట్లు తెలుస్తున్నది. ఒకటి పదార్థం, అనగా మొదటినాటి లోహం, కొయ్య, తోలు, రంగు. రెండవది ఆకారం. మూడవది చరిత్ర, అనగా ఎడతెగని జీవితం. ఈ మూడూ ఎల్లప్పుడు కలిసి ఉండవు.

ఓల్డ్ నంబర్ వన్‌కు చరిత్ర ఉన్నది; మొదటి పదార్థం దాదాపు లేదు. ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైన ఉదాహరణ 2019లో కనబడినది. ఆ సంవత్సరం బెంట్లీ కంపెనీవారు బిర్కిన్ పందెపు బ్లోయర్ కార్లలో ఒకదానిని విప్పి, ప్రతి భాగాన్నీ లేసరు కిరణాలతో కొలిచి, దానిని పోలిన 12 కొత్త కార్లు తయారుచేస్తామని ప్రకటించారు. ఆ కొత్త కార్లలో ఆకారం వెంట్రుకవాసి తేడా లేకుండా పాతదే. కాని వానికి 1930 నాటి లె మాన్ రాత్రి లేదు. వానిని బిర్కిన్ కార్లని ఎవరూ పొరబడరు. కంపెనీవారు కూడ అట్లా చెప్పలేదు.

మూడవ రకం నష్టం అన్నిటికంటె విచారకరమైనది. 1920లలో బెంట్లీ కర్మాగారం చాసిస్ మాత్రమే అమ్మేది. పైతొడుగును కొనుగోలుదారు తనకు నచ్చిన శిల్పుల చేత చేయించుకొనేవాడు. కాబట్టి తలుపులు, అద్దాలు గల కుటుంబపు కార్లుగా కూడ చాల బెంట్లీలు తిరిగినవి. తరువాతి కాలంలో లె మాన్ కార్ల ఖ్యాతి పెరిగినకొద్దీ, ఆ కుటుంబపు తొడుగులను ఊడబెరికి, చాసిస్‌ను కొన్నిచోట్ల పొట్టిచేసి, పందెపు కారు ఆకారం వేయడం పరిపాటి అయినది. లోహం అసలైనదే, రూపం మాత్రం ఆ కారు ఎన్నడూ ఎత్తనిది. ఇట్లు ఆనాటి వడ్రంగులు, తోలుపనివారు చేసిన పనితనం ఎంతో మాయమైనది. ఒక కాలపు సామాన్య జీవితానికి సాక్ష్యం పోయి, దాని స్థానంలో వీరగాథకు నకలు వచ్చినది.

పదార్థం చెప్పే సాక్ష్యం

పాత రంగును, పాత గీతలను కాపాడవలెనని చెప్పేవారిది వట్టి వ్యామోహమని తలచరాదు. కారు ఒంటిపై ఉన్న రంగును చిన్న తునక తీసి, అడ్డుకోత కోసి, సూక్ష్మదర్శిని క్రింద చూస్తే పొరలు పొరలుగా కనిపిస్తవి. క్రింది పొర కర్మాగారంలోనిది. దానిపైది రెండవ యజమానిది. మధ్య ఉన్న మురికి గీత ఆ రెంటి నడుమ గడిచిన కాలం. ఏ పొరలో ఏ రసాయనమున్నదో చూచి కాలం ఉజ్జాయింపుగా చెప్పవచ్చును. సెల్యులోజు నైట్రేటు రంగులు 1920లలో ప్రచారంలోనికి వచ్చినవి; కృత్రిమ రెజిను రంగులు ఆ తరువాతివి. చాసిస్‌పై పోటు వేసిన అంకెలు, ఆకురాయి గీతలు, పెడలుపై పాదం అరగదీసిన వాలు, ఇవన్నీ చదవడం తెలిసినవానికి అక్షరాలే.

ఇసుకను గాలితో చిమ్మి తుప్పు వదిలించే యంత్రం ఈ అక్షరాలనన్నిటినీ ఒక్క పూటలో తుడిచివేస్తుంది. మన దేవాలయాలలో శాసనాలున్న గోడలకు సున్నం దట్టించి అక్షరాలు కప్పివేసిన ఉదంతాలు తెలిసినవారికి ఈ నష్టం వేరుగా వివరించనక్కరలేదు. సున్నాన్ని ఓపికతో గీకి తీయవచ్చును. ఇసుకదెబ్బకు పోయిన లోహాన్ని తిరిగి తేలేము.

మార్పును కోరేవారి వాదం

రెండవ పక్షపువారి మాట కూడ త్రోసివేయదగినది కాదు. యంత్రం పనిచేస్తున్నప్పుడే యంత్రం. కదలని ఇంజనులో నూనె కారిపోయి లోహం తుప్పు పడుతుంది. నూనెను ఆపే తోలు, రబ్బరు బిరడాలు ఎండి పగులుతవి. దాని ధ్వని, దాని అదురు, గేరు మార్చడంలోని నేర్పు, ఇవి కూడ చరిత్రలో భాగమే. అవి గాజుపెట్టెలో బ్రతకవు.

కాని కారును రోడ్డుపై నడపదలచినచో కొన్ని మార్పులు తప్పవు. టైరులోని రబ్బరు వాడినా, వాడకపోయినా గాలిలోని ఆక్సిజన్, ఓజోన్‌ల వలన పగుళ్లు పడుతుంది. 1929 నాటి టైర్లతో ఏ కారూ క్షేమంగా నడవదు. ఆ కాలపు బ్రేకుపట్టీలలో ఆస్‌బెస్టాస్ ఉండేది. దాని నార ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని తెలిసి బ్రిటన్ 1999లో దాని వాడకాన్ని పూర్తిగా నిషేధించినది. అందుచేత ఎంత నిష్ఠగల యజమానియైనా ఆ ఒక్క అసలుదనాన్ని వదులుకొనక తప్పదు. వేగం రెట్టింపైతే కారులోని గతిజశక్తి నాలుగురెట్లగుతుంది. ఆ శక్తినంతా బ్రేకులు వేడిగా మార్చి పారవేయవలెను. నేటి రద్దీలో పాత బ్రేకులతో రెండు టన్నుల కారును నడపడం తనకే గాక ఇతరులకు కూడ అపాయమే.

అవసరమని తోచేవన్నీ నిజంగా అవసరం కావు. సీసం లేని నేటి పెట్రోలు పాత ఇంజన్లకు పనికిరాదనే భయం ఇందుకు ఉదాహరణ. పెట్రోలులో సీసపు సమ్మేళనం వేస్తే ఇంజను తట్టుకొట్టదని 1921లో అమెరికాలో కనుగొన్నారు. బెంట్లీ ఇంజన్లు అటువంటి పెట్రోలు వాడుకలోనికి రాకముందటి ఆలోచనతో రూపొందినవి. వాని సంపీడన నిష్పత్తి సుమారు 5:1 మాత్రమే. కాబట్టి తట్టుకొట్టే విషయంలో నేటి పెట్రోలు వానికి కావలసినదానికంటె మేలైనదే. అయితే ఆల్కహాలు కలిపిన పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను, బిరడాలను పాడుచేయవచ్చును. వానిని మార్చుకొంటే చాలును, ఇంజనును మార్చనక్కరలేదు. శాస్త్రజ్ఞానం కొన్నిచోట్ల మార్పును సమర్థిస్తుంది; కొన్నిచోట్ల అక్కరలేదని నిరూపిస్తుంది.

ట్యూరిన్ నిబంధనలు

పాత కట్టడాల పరిరక్షణకు 1964లో వెనిస్ నగరంలో కొన్ని నిబంధనలు కూర్చారు. ఆ అడుగుజాడలలో, పాత వాహనాల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య 2012లో ట్యూరిన్ నిబంధనలను ఆమోదించినది. వాని సారం సులభంగా చెప్పవచ్చును. సంరక్షించగలిగినప్పుడు జీర్ణోద్ధరణకు పూనుకొనరాదు. వాహనం జీవితంలో జరిగిన మార్పులు కూడ దాని చరిత్రయే; వానిని చెరిపి మొదటి రోజుకు తీసుకొనిపోవలసిన పనిలేదు. భద్రత కొరకు మార్పు చేయవలసి వస్తే అది కంటికి కొట్టవచ్చినట్లు ఉండరాదు. మరల తీసివేయడానికి వీలుగా ఉండవలెను. తీసిన అసలు భాగాన్ని పారవేయక వాహనంతో పాటే భద్రపరచవలెను. కొత్తగా చేసిన భాగంపై చెరగని గుర్తు వేయవలెను. చేసిన పనినంతా వ్రాసి ఉంచవలెను.

ఈ నిబంధనలు మార్పును నిషేధించలేదు. మార్పు అబద్ధమాడరాదని శాసించినవి. గుర్తు వేసిన కొత్త ఇరుసు రేపటి పరిశోధకుని మోసగించదు. ఓల్డ్ నంబర్ వన్ విషయంలో ఏ భాగం ఎప్పుడు మారినదో క్రమంగా వ్రాసి ఉంచినట్లయితే నిపుణులు న్యాయస్థానంలో అంత శ్రమపడవలసి వచ్చేది కాదు.

గాలి ఏ వైపు తిరిగినదో ఒక ఉదాహరణ చెబుతుంది. అమెరికాలోని పెబుల్ బీచ్‌లో 1950 నుండి పాత కార్ల సౌందర్యపు పోటీ జరుగుతున్నది. దశాబ్దాల తరబడి అక్కడ అగ్రబహుమతులు అద్దంవలె మెరిసేటట్లు తిరిగి చేసిన కార్లకే దక్కేవి. 2024లో మొదటిసారిగా, జీర్ణోద్ధరణ చేయని ఒక కారు అగ్రబహుమతి పొందినది. అది 1934 నాటి బుగాటీ టైప్ 59. గ్రాండ్ ప్రీ పందెాలలో పరుగెత్తిన తరువాత బుగాటీ కర్మాగారమే దాని సూపర్‌ఛార్జరు తీసివేసి రోడ్డుపై తిరిగే స్పోర్ట్సు కారుగా మార్చినది. బెల్జియం రాజు మూడవ లియోపోల్డ్ దానిని కొని నల్లరంగు, పసుపుచార వేయించాడు. ఆ అరిగిన రంగుతోనే అది నిలబడి గెలిచినది. దానిని తిరిగి పందెపు కారుగా చేస్తామని పూనుకొన్నచో రాజుగారి కారు నశించేది; పందెపు కారు మాత్రం తిరిగి వచ్చేది కాదు.

బెంట్లీ, బిర్కిన్‌ల తగవులో ఇద్దరిదీ సత్యమే. ఇద్దరూ కలిసి మనకిచ్చిన కార్లు ఆ తగవుకు సాక్ష్యాలు. పాత యంత్రం దొరికినవాడు దానికి సర్వహక్కులు గల యజమానిననుకొనక, కొంతకాలం దానిని తన వద్ద ఉంచుకొన్న ధర్మకర్తనని తలచడం మేలు. అతడు దానిని నడపవచ్చును, అవసరమైనది మార్చవచ్చును. స్పానరు చేతబట్టక ముందు మాత్రం, ఈ పనిని తరువాతివాడు వెనుకకు త్రిప్పగలడా అని ఒక్కసారి ప్రశ్నించుకొనవలెను. త్రిప్పగలిగినది మరమ్మతు. త్రిప్పలేనిదానికి పూనుకొనేవాడు, తాను చెరుపుతున్నది ఎవరి వ్రాత అయినదీ ముందు చదివి తీరవలెను.